మునిలక్ష్మి తండ్రికి చెప్పని మాట

నలభై ఏళ్లుగా నన్ను మంచి వార్డెన్ అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, నా మీద. ఇంతకాలం మోసినది ఇవాళ మీ ముందు దించుతున్నాను. దయచేసి ఓదార్చకండి.

డెబ్బైల చివర్లో తిరుపతిలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు నేను వార్డెన్‌ని. మునిలక్ష్మి నగరి నుంచి వచ్చింది. మగ్గం నేసే ఇల్లు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. రెండో ఏడాది సగంలో అన్నం మానేసింది. తల దువ్వుకోవడం మానేసింది. క్లాసుకు పోకుండా గోడవైపు తిరిగి పడుకునేది. బద్ధకం అని తిట్టాను. ఒక మధ్యాహ్నం తనే నా గదికి వచ్చింది.

“మేడమ్, నాకు బతకాలని లేదు. లోపలంతా బండ పెట్టినట్టుండాది. దీనికి యాడన్నా డాక్టరు ఉంటారా?”

ఎంత తిన్నగా అడిగిందో చూడండి. పంతొమ్మిదేళ్ల పిల్ల, పేరు కూడా తెలియని జబ్బుకు తనే దారి వెతుక్కుంటూ వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి, మానసిక వైద్యుడికి చీటీ రాసి నా చేతికిచ్చాడు. ఒంటరిగా వదలొద్దన్నాడు. తండ్రికి అంతా చెప్పమన్నాడు.

ఆ చీటీ చించేశాను.

ఎందుకు? పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందని తెలిస్తే రేపు ఆమెకు పెళ్లి కాదని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. హాస్టల్‌కు చెడ్డపేరు వస్తే కమిటీవాళ్లు నన్ను నిలదీస్తారని, నా కుర్చీ పోతుందని భయపడ్డాను. ఒక పిల్ల ప్రాణం కంటే నాకు కుర్చీ ఎక్కువైంది. సిగ్గులేని మనిషిని.

ఆసుపత్రికి తీసుకెళ్లామని కబురు అందితే రెండు రోజులకు తండ్రి వచ్చాడు.

“నా బిడ్డకు ఏమైంది తల్లీ? డాక్టరు ఏమన్నాడు?”

“ఏమీ లేదప్పా. రక్తం తక్కువంట. ఇంటికి పిలుచుకొనిపో. నాలుగు రోజులకు అదే సర్దుకుంటాది.”

మునిలక్ష్మికీ ముందే అదే చెప్పాను. ఆయన నమ్మాడు. చదువుకున్నదాన్ని కదా, ఎందుకు నమ్మడు?

రెండు నెలలకు మునిలక్ష్మి తన ప్రాణం తానే తీసుకుంది. ఆమె పెట్టె తీసుకుపోవడానికి ఆయన మళ్లీ వచ్చాడు. నా ఎదుట చేతులు జోడించాడు.

“మీరు ధైర్యం చెప్పి పంపితిరి తల్లీ. మేమే సరిగా సూసుకోలేకపోతిమి.”

అప్పుడైనా నోరు తెరిచానా? ఆయనకు కాఫీ తెప్పించాను. కాఫీ! నా తప్పును ఆయన తలకెత్తుకుని పోతుంటే గేటు దాకా సాగనంపి, లోపలికొచ్చి హాజరుపట్టీలో ఆ పేరు కొట్టేశాను. ఆ ఏడాది హాస్టల్ క్రమశిక్షణను అందరూ మెచ్చుకున్నారు. నవ్వుతూ విన్నాను.

ఆయన ఇప్పుడు లేడు. వినాల్సిన మనిషి పోయాక చెబుతున్నాను కాబట్టి దీన్ని క్షమాపణ అనను. అయినా ఒక్కరికైనా తెలియాలి. ఆ తండ్రి బిడ్డను సరిగానే చూసుకున్నాడు. ఆమె సాయం అడిగింది. సాయం ఉంది. మధ్యలో నేను నిలబడ్డాను.

చెప్పేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.