గడువులోగా రాని ఉత్తరం

కరోనాకు ముందు ఏడాది వేసవిలో నన్ను విజయవాడలో మా చేనేత సహకార సంస్థ కేంద్ర కార్యాలయానికి సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. సీనియారిటీ ప్రకారం నాకు రావలసింది మేనేజరు పోస్టు. రాలేదు. ఆ సంగతి అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

మా బ్రాంచీల్లో ఉన్నవన్నీ పాత లైనక్స్ కంప్యూటర్లు. ఆ వెర్షన్‌కు తయారీదారుల సపోర్టు ముగిసింది. అంటే ఏ ప్రోగ్రాంలో భద్రతాలోపం బయటపడినా ఇక మేమే సరిచేసుకోవాలి. ఉన్నది ఇద్దరం. అన్నీ మోయలేం కాబట్టి ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో నన్ను జాబితా రాయమన్నారు. పద్ధతి ప్రకారం బ్రాంచీలకు సర్క్యులర్ వెళ్తుంది. ఏ ప్రోగ్రాంలు వాడుతున్నారో పదిహేను రోజుల్లో మేనేజరు సంతకంతో జవాబు రావాలి. ఎవరూ అడగని ప్రోగ్రాం తర్వాతి అప్‌డేట్‌తో అన్ని కంప్యూటర్లలోంచీ పోతుంది.

పధ్నాలుగో రోజు మంగళగిరి బ్రాంచి డిజైనరు రత్నకుమారి గారు ఫోన్ చేశారు.

"సార్, చీర అంచులు గీసే ప్రోగ్రాం తీసెయ్యకండి. నాగేశ్వరరావు గారి మగ్గం మీదకి కొత్త అంచు ఎక్కాలి, పెళ్లిళ్ల ఆర్డరండీ. మా మేనేజరు గారు సెలవులో ఉన్నారు, సంతకానికి సోమవారం దాకా ఆగాలి."

"రాతపూర్వకంగా పంపండి," అన్నాను.

"నేను రోజూ వాడేది అదేనని మీకు తెలుసు కదండీ!"

తెలుసు. ఆమె కంప్యూటర్లో దాన్ని పెట్టింది నేనే. కానీ అంతకు రెండేళ్ల ముందు ఒక మీటింగులో అందరి ఎదుటా ఆవిడ, "సార్‌ని ఏదైనా అడిగితే కంప్యూటర్ కన్నా ముందు సారే హ్యాంగ్ అవుతారండీ" అన్నారు. జనరల్ మేనేజరు గారు చేతిలో టీ ఒలికేంత నవ్వారు. గడువు ముగియగానే జాబితాలో ఆ ప్రోగ్రాం ఎదురుగా "జవాబు లేదు" అని రాశాను.

ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఫైల్లో పెట్టాను. అప్‌డేట్ వెళ్లింది. గీసిన అంచు ఆమె కంప్యూటర్లోనే ఉంది, తెరిచే ప్రోగ్రాం లేదు. తిరిగి పెట్టమని రెండుసార్లు అడిగారు. జాబితాకు ఆమోదం వచ్చేసింది, కుదరదన్నాను. ఆమె గళ్ల కాగితం మీద చేత్తో మళ్లీ గీసేసరికి మూడు వారాలు పట్టింది. ఈలోగా షాపువాళ్లు ఆర్డరు రద్దు చేసుకున్నారు. నాగేశ్వరరావు గారు మగ్గం విప్పేసి, ఇబ్రహీంపట్నంలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లారు.

జనరల్ మేనేజరు గారు మా ఇద్దరినీ పిలిచి, ఆవిడ ముందే చెప్పలేదా అని నన్నడిగారు.

"గడువులోగా ఉత్తరం రాలేదండీ," అన్నాను.

రత్నకుమారి గారు నా వైపు ఒకసారి చూశారు. "నిజమేనండీ. ఫోన్లో చెప్పింది ఉత్తరం కిందకి రాదు కదా, సార్‌ని అనడానికి లేదు," అన్నారు.

మెమో ఆమెకే ఇచ్చారు. ప్రోగ్రాం తిరిగి పెట్టమని నాకు ఆదేశం వచ్చింది. అరగంట పట్టింది.

తీసేసే జాబితా రాసేవాడికి వాడేవాళ్లలో ఎవరితోనైనా పేచీ ఉంటే, వాళ్ల ప్రోగ్రాంల వరుస వేరేవాళ్లు రాయాలి. నేను నేర్చుకున్నది ఇది. తర్వాతి జాబితాలో ఫోన్లో చెప్పినవాటికీ ఒక గడి కలిపాను. ఎందుకు కలిపారని ఫైల్లో అడిగితే, "పరిపాలనా సౌలభ్యం కోసం" అని రాసి సంతకం పెట్టాను.