సున్నం వెయ్యని ఆకు

మా అన్న మనిషిని చంపిన సంగతి మా బంధువుల్లో ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటారు. అలా చెప్పేవాళ్ళలో చాలామంది అప్పటికి పుట్టలేదు. పుట్టినవాళ్ళు రోజులు తప్పు చెబుతున్నారు. నాకు లెక్క తప్పితే నచ్చదు. ఈ లెక్క తప్పడం అసలే నచ్చదు.

అది రక్తాక్షి సంవత్సరం చివర, ఇంగ్లీషు లెక్కలో 1925. మేం రంగూన్‌లో అహ్లోన్ రేవు పక్కన మిల్లు లైన్లలో, అంటే కూలీల వరసిళ్ళలో, ఉండేవాళ్ళం. నాన్న బియ్యం మిల్లులో మేస్త్రీ. అన్న అంటే నాన్నకు అన్నగారి కొడుకు. వాడూ, వాడి తల్లి అంటే మా పెద్దమ్మా, మాతోనే ఉండేవాళ్ళు. నాకప్పటికి పదకొండేళ్ళు, వాడికి పంతొమ్మిది.

తగువు శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళో మొదలైంది. వలలు ఆరబెట్టుకునే ఇసుక దిబ్బ ఎవరిదని మాటామాటా పెరిగి, ఒకాయన మా పెదనాన్నను, అంటే అన్న తండ్రిని, పొడిచి చంపేశాడు. పొడిచినవాడు ఆ ఏడే కలరాతో పోయాడు. అక్కడితో అయిపోవలసింది. మావాళ్ళ కట్టుబాటులో అలా అవదు. చంపినవాడు పోతే పగ అతని తమ్ముడి మీదికి వస్తుంది. తీర్చుకోవలసిన బాధ్యత చచ్చినవాడి కొడుకుది. ఆ తమ్ముడు భయపడి రంగూన్ వచ్చి ధాన్యం పడవల మీద మోత పనిలో చేరాడు. తరవాత మేమూ వచ్చాం. మా లైనుకు వాళ్ళ లైను కూతవేటు దూరం.

ఆడవాళ్ళ జోలికీ పిల్లల జోలికీ ఎవరూ పోకూడదన్నది కూడా ఆ కట్టుబాటులోదే. అందుకే ఆయన కూతురూ నేనూ మిషను బడిలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. దాని పలక పగిలితే నా పలక మీద ఇద్దరం రాసుకున్నాం. ఇంట్లో ఎవరూ తప్పుపట్టలేదు.

ఆ మాఘమాసంలో లైన్లలో ఒక పెళ్ళి జరిగింది. భోజనాలయ్యాక మగవాళ్ళందరికీ తాంబూలాలిచ్చారు. అన్నకిచ్చిన ఆకులో వక్క ఉంది, సున్నం లేదు. సున్నం లేకపోతే ఎంత నమిలినా నోరు ఎర్రబడదు. తండ్రి పగ తీర్చనివాడికి మావాళ్ళు అలాగే ఇస్తారు. పక్కన కూర్చున్న ముసలాయన వాడి గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

“ఏటల్లుడా, నోరు పండనేదేటి? ఆకు ముదురా, నువ్వు లేతా?”

పందిరంతా నవ్వింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో, “పోనిద్దురూ, గుంటడికి ఎరుపంటే బయవేమో!” అంది. అన్న తల దించుకుని ఆ ఆకు నములుతూనే ఉన్నాడు. నాకు వాడి మీద జాలి కలగలేదు, సిగ్గేసింది. ఇంత పిరికివాడు మా ఇంట్లో ఉన్నాడేమిటనుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా పెద్దమ్మ వాడికి సున్నం వెయ్యడం మానేసింది. పల్లెత్తు మాట అనేది కాదు. అన్నం పెట్టేది, తినేదాకా దగ్గర కూర్చునేది, ఆఖర్న ఉత్త ఆకూ వక్కా చేతిలో పెట్టి సున్నం కాయ తన రొండినే దోపుకునేది. మా అమ్మ ఒకసారి సున్నం అందివ్వబోతే, “నీ కొడుక్కి ఎట్టుకో అమ్మా, నా కొడుక్కి నానెట్టుకుంతాను,” అంది.

ఇది చూసి అవతలి ఇంటావిడకు, అంటే నా పక్కన కూర్చునే పిల్ల తల్లికి, భయం పట్టుకుంది. మావాళ్ళలో ఏ ఆడదీ చెయ్యని పని చేసింది. పోలీసు స్టేషనుకు వెళ్ళి తన మొగుణ్ణి చంపేస్తారని చెప్పింది. లైన్లలో ఆవిణ్ణి వేలెత్తి చూపించారు. “మొగుణ్ణి పమిట సెంగు కింద దాసుకోడానికి దొరకాడికి ఎల్లొచ్చింది,” అని కుళాయి దగ్గర పాడినట్టుగా అనేవారు. నేనూ నవ్వాను.

ఒక సోమవారం ఇద్దరు డిటెక్టివులు వచ్చారు. ఒకడు దొర. వాడు గుమ్మం బయటే నిలబడి టోపీతో విసురుకుంటూ గడియారం చూసుకున్నాడు. రెండో ఆయన బర్మావాడు, నడివయసు. లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. రేవులో పెరిగాడేమో, మా మాట బాగానే వచ్చు. అవతలాయన్ను అప్పటికే అడిగి వచ్చారు. ఆయన తనకెవరితోనూ తగువు లేదనీ, తన పెళ్ళానికి మతి సరిగా లేదనీ చెప్పాడట. పోలీసులకు చెప్పి బతకడం ఆయనకూ నామోషీయే.

బర్మా ఆయన కూడా ఆకు వేసుకునే మనిషే. నాన్నతో మాట్లాడుతూ వచ్చేపోయే మగవాళ్ళందర్నీ చూస్తున్నాడు. చివరికి అన్న వైపు తిరిగాడు.

“మేస్త్రీ, ఈ లైన్లో మగాళ్ళ నోళ్ళన్నీ ఎరుపు. ఈ కుర్రాడిదే తెలుపు. ఏటి సంగతి?”

“పన్ను నొప్పి, సయా,” అన్నాడు నాన్న. పెద్దవాళ్ళను బర్మా మాటలో అలాగే పిలిచేవాళ్ళం.

“నొప్పి ఉన్నోడు ఆకెందుకు నముల్తన్నాడు?”

ఆయన తన డబ్బా తీసి ఆకుకు సున్నం రాసి అన్నకు అందించాడు. అన్న చెయ్యి సగం చాచి, తల్లి వైపు చూసి వెనక్కి తీసేసుకున్నాడు. అది చాలింది ఆయనకు. నాన్నను పెరట్లోకి తీసుకెళ్ళాడు. వంటింటి తడిక వెనకున్న నాకు అన్నీ వినబడ్డాయి.

“నేను వీణ్ణి ఏ నేరం మీద పట్టుకెళ్ళను? ఇంకా ఏమీ చెయ్యలేదు. మా దొర నమ్మడు. నువ్వే పంపెయ్యి. నది దాటి ట్వంటేలో నీకు తెలిసినోళ్ళు లేరా?”

“ఉన్నారు సయా. కుండల యాపారి ఒకాయన ఉన్నాడు.”

“రేపే పడవెక్కించు. పనిలో పెట్టించు. ఏడాది పోతే ఈ కోపం ఉండదు.”

“పంపేత్తాను. కొత్తమాస ఎల్లిపోనియ్యి సయా. అమ్మోరి గటం ఈడే ఎత్తాల. ఇప్పుడెల్తే పారిపోయినాడంతారు.”

“అననియ్యి.”

“నీకేటి సయా, నీవెల్లిపోతావు. నాను ఈల మద్దెన బతకాల.”

కొత్తమావాస్య, ఉగాది ముందురోజు మావాళ్ళు చేసే అమ్మవారి పండగ, ఆ ఏడు మంగళవారం వచ్చింది. డిటెక్టివులు వచ్చింది అంతకు ముందు వారం సోమవారం. మావాళ్ళు ఇప్పుడు, “పోలీసులొచ్చిన మర్నాడే జరిగిపోయింది, పంపే వ్యవధి ఏదీ?” అంటారు. అబద్ధం. వారం పైగా ఉంది. ట్వంటే కాలవ మీద పడవలు రోజూ నడిచేవి.

నాన్న చెడ్డవాడు కాదు. ఆ వారమంతా వాణ్ణి తన వెంటే తిప్పుకున్నాడు, పక్కనే పడుకోబెట్టుకున్నాడు. బట్టల మూట కూడా కట్టించి ఉంచాడు. పంపడం ఒక్కటే చెయ్యలేదు. చేస్తే నలుగురూ ఏమంటారో వినడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

పండగనాడు సాయంత్రం ఘటాలు రేవు దాకా వెళ్ళాయి. డప్పుల హోరులో నాన్న పక్కనుంచి అన్న ఎప్పుడు తప్పుకున్నాడో ఎవరూ చూడలేదు. అవతలాయన మెట్ల మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడట. అన్న బస్తాలెత్తే కొక్కెంతో కొట్టాడు. ఆయన్ను ఆస్పత్రికి మోసుకెళ్ళారు. ఎవరు కొట్టారని ఎన్నిసార్లు అడిగినా చీకట్లో జారి కొక్కెం మీద పడ్డానన్నాడు. ఆ మాట మీదే గురువారం ప్రాణం వదిలాడు.

బుధవారం పొద్దున్నే డిటెక్టివులు మళ్ళీ వచ్చారు. లైన్లో ఏ నోరూ పెగల్లేదు. చూసినవాళ్ళు లేరు, విన్నవాళ్ళు లేరు. దొర కేకలేశాడు. బర్మా ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా మా ఇంట్లోకి వచ్చి అన్న ముందు నిలబడ్డాడు. అన్న నోరు మందారంలా ఉంది. తెల్లారేసరికే ప్రతి ఇంటివాళ్ళూ పిలిచి సున్నం బాగా దట్టించి ఆకులిచ్చారు. పెద్దమ్మ తన చేత్తో మొదటిది పెట్టింది. అందరం అంత జాగ్రత్తగా నోళ్ళు కట్టుకుని, వాడి నోరు మాత్రం ఊరంతా కలిసి ఎర్ర చేసి పోలీసులకు చూపించాం.

“పన్ను నొప్పి తగ్గిందా?” అన్నాడాయన. ఆ గొంతులో వెటకారం లేదు.

అన్న అబద్ధమాడలేదు. చేతులు చాపాడు. పెద్దమ్మ బియ్యం చాటతో ఎదురొచ్చి, కొడుకు పెళ్ళికి తరలుతున్నట్టు బొట్టు పెట్టింది. గుమ్మం దిగుతూ అన్న నాన్న దగ్గర ఆగాడు.

“సిన్నయ్యా, మూట కట్టినావు గదా. ఆ సోమారవే నన్ను పడవెక్కించీసుంటే ఎల్లిపోదును.”

నాన్న కండువాతో మొహం కప్పుకున్నాడు. బర్మా ఆయన నాన్న వైపు చూడకుండా దాటిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అన్నకు యావజ్జీవం పడింది. జైల్లోనే జ్వరంతో పోయాడు. కానీ ఆ ఎండాకాలమంతా లైన్లలో మాకు ఎంత మర్యాదో! కుళాయి దగ్గర మా బిందె ముందు పెట్టించేవారు. నాన్న వస్తే ముసలివాళ్ళు లేచి చోటిచ్చేవారు. ఆయన కూర్చునేవాడు కాదు. ఆ తరవాత ఆయన ఎవరింట్లోనూ తాంబూలం పుచ్చుకోలేదు.

తీర్పు అయ్యాక నన్ను మళ్ళీ బడికి పంపారు. పంతులమ్మ నన్ను వేరే బల్ల మీద కూర్చోమంది. నేను అటు వెళ్తుంటే పాత బల్ల మీద నుంచి ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. తండ్రి పోయిన పిల్ల. జడకు రిబ్బను లేదు.

“ఇక్కడే కూకో,” అంది. “మాయింట్లో మగోలు లేరు గదా. మీయింట్లో ఇంకెవరికీ బయం నేదు. మాయమ్మ సెప్పమంది.”

అని జరిగి నాకు చోటిచ్చింది.