తోక మార్చిన పిచ్చుకలు

ఆమెకు మిరపకాయ అని పేరు పెట్టింది మరిదే. పెట్టినప్పుడు ముద్దుగానే పెట్టాడు. దారం తెగినా, కరెంటు పోయినా, కొనేవాళ్ళు చివరి నిమిషంలో రంగు మార్చమన్నా ఆమెకు కోపం ముక్కుమీదే ఉండేది. కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మ గీస్తున్నప్పుడు మాత్రం పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. బడిపిల్లల చొక్కాలకు బ్యాడ్జీలు, హోటళ్ళ దిండు గలీబులకు పూలతీగలు, పసిపిల్లల దుప్పట్లకు పిచ్చుకలు. సూది ఎక్కడ మొదలై ఎటు తిరగాలో ప్రతి కుట్టూ ఆమె చెప్పాలి, మెషీను అలా కుట్టుకుంటూ పోవాలి. ఎంబ్రాయిడరీ కొట్లో గీత ఆమెది, మెషీనూ బేరాలూ మరిదివి. పెళ్ళయిన కొత్తలో వదినా మరుదులిద్దరూ కలిసి పెట్టిన కొట్టు అది.

ఒకరోజు కొట్టు ముందు కొత్త బోర్డు వేలాడుతోంది. ఆమె గీసిన పిచ్చుకలు, వాటి పక్కన మరిది ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో ‘మా డిజైనర్’. ఆమె బోర్డు వంకా మరిది వంకా మార్చి మార్చి చూసింది.

“ఎవరయ్యా డిజైనర్?”

“ఊరికే, పేరు కోసం వదినా. మగవాడి ఫొటో ఉంటే పెద్ద కంపెనీలవాళ్ళు నమ్ముతారు.”

ఆమె కత్తెర బల్లమీద పడేసి బయటికి నడిచింది. మర్నాటినుంచి పనికి వెళ్ళడం మానేసింది. దాచుకున్నదంతా ఊడ్చి ఒక పాత మెషీను కొని ముందుగదిలో వేయించుకుంది. తన బొమ్మలు తనకిమ్మని కబురు పెడితే మరిది నవ్వుతూ వచ్చి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. “అన్నీ ఉన్నాయి వదినా, ఒక్కటి కూడా దాచుకోలేదు” అన్నాడు.

ఉన్నాయి, నిజమే. తెరపైన వరసగా తెల్లకాగితం గుర్తులు. ఫైలు పేరు చివర చుక్క తరవాత ఉండే అక్షరాలు, ఎంబ్రాయిడరీ ఫైళ్ళకు ఎప్పుడూ ఉండే డి.ఎస్.టి కాదు, ఎప్పుడూ చూడనివేవో. ఏది నొక్కినా కంప్యూటరు ‘దీన్ని దేనితో తెరవమంటారు?’ అని ఎదురు ప్రశ్న వేస్తోంది. బొమ్మలు చూసేదానితో ప్రయత్నించింది, పాటలు వినేదానితో కూడా తెరవబోయింది. తెరుచుకోలేదు. మరిదికి ఫోన్ చేసింది.

“అది కొత్త సాఫ్ట్‌వేర్ వదినా. మన కొట్టు కంప్యూటర్లోనే తెరుచుకుంటాయి. నువ్వే వచ్చెయ్యరాదూ?”

ఆ చివరిమాటకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏ ఫైలునైనా తెరుస్తామని ఇంటర్నెట్‌లో ఎవరో ఊరిస్తే అదీ దించుకుంది. దాంతో ఫైలు తెరుచుకోకపోగా, తెర నిండా బట్టతల మందుల ప్రకటనలు తెరుచుకున్నాయి. ఆమె కీబోర్డును గుద్దిన గుద్దుకు ఒక మీట ఎగిరి మంచం కిందికి పోయింది.

భర్త పంపుల కంపెనీలో విడిభాగాల స్టోరు చూసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. “పోనీలే, వాడు కావాలని చేస్తాడా? కొన్నాళ్ళు కొట్టుకే వెళ్ళరాదూ” అని గొణిగాడు. ఆమె పళ్ళు కొరుకుతూ కంప్యూటరు పెట్టెను చంకనెత్తుకుని, కంప్యూటర్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళింది.

ఆయన ముందు ఆ ప్రకటనల చెత్త తీసేశాడు. “ముక్కూమొహం తెలీనివి దించుకోకమ్మా. ఫైలు పేరు చివరి తోకదేముంది, ఎవరైనా మార్చొచ్చు. లోపలి సరుకు మారదు” అంటూ ఒక ఫైలుకు నకలు తీసి నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. గజిబిజి గుర్తులు తెరంతా నిండాయి. “మొదటి వరస చూడు. ఏ రకం ఫైలో చాలాసార్లు అక్కడే తెలుస్తుంది.”

ఆమె ముందుకు వంగింది. మొదట ఎల్, ఏ అని రెండక్షరాలు. వాటి పక్కన, ఇంగ్లీషు అక్షరాల్లో, తను పెట్టుకున్న పేరే: ‘బొద్దు పిచ్చుక’. ఆ తరవాత ఎన్ని కుట్లో, ఎన్ని రంగులో లెక్క.

“ఇది నాదే! మామూలు డిజైను ఫైలే ఇది!”

ఆయన నకలు ఫైలు తోక తీసేసి డి.ఎస్.టి అని కొట్టాడు. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి మెషీనుకు ఎక్కించింది. చిన్న తెరమీద బొద్దు పిచ్చుక, ముక్కుతో సహా, చెక్కుచెదరకుండా నిలబడింది. ఆమెకు సంతోషం కలగలేదు. కొత్త సాఫ్ట్‌వేరూ లేదు, పాడూ లేదు. ఎవరో కూర్చుని కావాలని పేర్లు మార్చారు. తనకేమీ తెలియదన్న ధీమాతో మార్చారు.

కొట్టుకు వెళ్ళి, నలుగురు ఉండగానే మరిదిని నిలదీసింది. “తోకలు కత్తిరించి ఇస్తావా? ఎవరి పిచ్చుకలనుకున్నావు?”

మరిది నీళ్ళు నమిలాడు. “నువ్వు పోతే కొట్టు మూతపడుతుంది వదినా. తెరుచుకోకపోతే నువ్వే తిరిగొస్తావనుకున్నా. అన్నయ్యకి చెప్పే చేశాను.”

అన్నయ్యకి చెప్పే. ఆమె బయటికి వచ్చి బోర్డు లాగి కింద పడేసి ఇంటిదారి పట్టింది. దారిలో ఎవరో పలకరించినా వినిపించుకోలేదు.

భర్త తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడ్డాడు. అప్పటికే తమ్ముడి ఫోన్ వచ్చినట్టుంది.

“ఇల్లు రెండు ముక్కలవకూడదని...” అని మొదలుపెట్టాడు.

“ముక్కలు చేసింది నేనా? నేను రోజూ ఆ పెట్టెతో తల బద్దలు కొట్టుకుంటుంటే పక్కనే కూర్చుని టీ తాగారు మీరు! వాడంటే పరాయివాడనుకుందాం. మరి మీరు?”

ఆమె కుర్చీ లాగి కంప్యూటరు ముందు వేసింది.

“కూర్చోండి. ఒక్కో ఫైలుకీ తోక తీసి, సరైనది పెట్టండి. అన్నిటికీ.”

ఆయన కళ్ళజోడు సవరించుకుని కూర్చున్నాడు. పేజీలకు పేజీలు ఉన్నాయి ఫైళ్ళు. అన్నిటికీ ఒకేసారి పేర్లు మార్చే ఆజ్ఞ ఒకటుందని, ఒక్క వరస కొడితే చాలని, బాగుచేసే ఆయన ఆమెకు చెప్పే పంపాడు. ఆమె ఆ సంగతి భర్తకు చెప్పలేదు. వెనక నిలబడి, ఆయన వేలు తడబడినప్పుడల్లా “మళ్ళీ కొట్టండి” అంటూ, మెషీనుకు దారం ఎక్కించడం మొదలుపెట్టింది.