మార్తా చదివి వినిపించిన పేజీ

ఎండుమిరపకాయలు పెనం మీద వేగుతున్న ఘాటు తగిలితే నాకు దగ్గు కంటే ముందు కోపం వస్తుంది. పోయిన వారం ఈ పరాయి దేశంలో మేముండే బుకిట్ బటోక్‌లో, మా కింది ఫ్లాట్‌లో ఎవరో మిరపకాయలు వేయిస్తున్నారు. సరిగ్గా అప్పుడే మార్తా పోయిందన్న వార్త ఫోన్‌లో చదువుతున్నాను. ఆవిడ మెక్సికో రచయిత్రి. మూడేళ్ళు మా పక్క బ్లాకులోనే ఉండి, ఇక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. వార్తలో మొదటి వాక్యం ఆవిడ ఎవరి భార్యో చెప్పింది. రెండో వాక్యం ఆవిడ కోపిష్టి అంది. పుస్తకాల సంగతి చివర్లో, అదీ ఒక్క ముక్క. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ కోపం ఎక్కడిదో మాత్రం ఎవరూ రాయరు. మార్తా వాళ్ళ అక్క మెక్సికో సరిహద్దు ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేది. ఒకరోజు షిఫ్టు దిగిన మనిషి ఇంటికి చేరలేదు. తల్లి ఠాణాకి వెళితే, పిల్ల ఏం బట్టలు వేసుకుంది, ఎవరితో తిరిగేది అని అడిగారట. ఆ తల్లి చెప్పింది ఒకటి, వాళ్ళు కాగితం మీద పెట్టింది ఇంకొకటి. ఆమెకి చదువు రాదు, వేలిముద్ర వేసి వచ్చేసింది. "నేను రాసిన పుస్తకాలన్నీ ఆ కాగితాన్ని కొట్టేయడానికే" అని మార్తా నాతో ఒకసారి అంది. అందుకే ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ఏ ఆడమనిషి కథ రాసుకున్నా, రాసింది రాసినట్టు ఆమెకే చదివి వినిపించేది. ఆమె అవునంటేనే ఆ పేజీ ఉండేది. కాదంటే, ఎంత ముచ్చటపడి రాసిన వాక్యమైనా అక్కడే కొట్టేసేది.

ఆదివారాలు ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు నలుగురైదుగురు సెలవు దొరికినప్పుడు ఆవిడ ఫ్లాట్‌కి వచ్చేవారు. మార్తా మిరపకాయలు వేయిస్తే అందరం దగ్గుతూ, నవ్వుతూ కిటికీలు తెరిచేవాళ్ళం. నేనప్పుడు రీసెర్చ్ చేస్తున్నాను. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మాట అందించడం నా పని. అలా ఒక ఆదివారం రాజోలు వైపు నుంచి వచ్చిన సత్యవతి కూర్చుంది. ఇదే ఊళ్ళో, బిషాన్‌లో ఒక తెలుగువాళ్ళింట్లో పని. ఆ ఇంటాయన నాకు బాగా తెలుసు. నేను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు అద్దెగది వెతికిపెట్టిన మనిషి. అంకుల్ అని పిలిచేదాన్ని. పండగలకి వాళ్ళింట్లో భోజనం చేసేదాన్ని, సత్యవతి వడ్డిస్తే తిని లేచేదాన్ని.

సత్యవతి తల వంచుకుని ఆయన కొడుతున్నాడని చెప్పింది. నేను మార్తాతో, ఆ ఇంటాయనకి కాస్త కోపం ఎక్కువట అన్నాను. అంత సులువుగా ఎలా వచ్చిందో ఆ మాట! పెద్దాయన పరువు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మర్యాద అంటే అదేనని మనకి చిన్నప్పటినుంచీ నూరిపోస్తారు కదా. మార్తా రాసుకుని, పేజీ పైకెత్తి చదివి, ఇది ఆమెకి తెలుగులో చెప్పమంది. కోపం ఎక్కువన్న ఆ మాటే ఆమెకి తిప్పి చెప్పాను.

సత్యవతి తలెత్తింది. "నేనన్నది అది కాదండి. కొట్టేడని చెప్పేనండి. పప్పు మాడిందని గరిటెతో కొట్టేడు." జాకెట్టు చెయ్యి పైకి లాగింది. "ఆయన మీకు తెలిసినాయన కదా. అందుకా అండీ?"

ఆ చెయ్యి చూశాక మార్తాకి నా అనువాదం అక్కర్లేకపోయింది. పొయ్యి ఆపేసింది. నన్ను తిట్టలేదు. ఆ రోజు తిట్టి ఉంటే బాగుండేది. తన పెన్ను నా చేతిలో పెట్టింది. "మా అమ్మ కాగితం రాసినవాడు కూడా మర్యాదస్తుడే. నువ్వే కొట్టెయ్, నువ్వే రాయి" అంది.

కొట్టేశాను, రాశాను. మర్నాడు మార్తా సత్యవతిని వెంటబెట్టుకుని వెళ్ళి ఫిర్యాదు ఇప్పించింది. సత్యవతి ఇల్లు మారి ఇప్పుడు బూన్ లే పేటలో పనిచేస్తోంది. అంకుల్ భార్య, ఆంటీ మాత్రం నాకు ఫోన్ చేసి, తిన్న ఇంటికి ఇలా చేస్తావా అంది. దెబ్బల గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆ అంకుల్ ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభలో ఈ ఏడూ ముందు వరుసలోనే కూర్చున్నాడు. పిల్లలకి బహుమతులు కూడా ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఇక్కడి తెలుగు పత్రికవాళ్ళు మార్తా మీద నాలుగు మాటలు రాయమన్నారు. బిషాన్ గొడవ మాత్రం పైపైన రాయమని సంపాదకుడు ఎంతో వినయంగా కోరాడు. నేను ఫోన్ పెట్టేసి, సత్యవతికి చేసి, ఇక్కడిదాకా రాసింది మొత్తం చదివి వినిపించాను. ఆమె మధ్యలో ఎక్కడా అడ్డు చెప్పలేదు.

"అంతా సరిగ్గానే ఉందండి. ఒకటి వదిలేశారు. ఆ మాట మార్చి చెప్పినప్పుడు మీరు నా మొహం వంక చూడలేదండి. దెబ్బ కన్నా నాకు అదే ఎక్కువ బాధేసింది. అది రాయండి."

రాశాను. మళ్ళీ చదివి వినిపించాను.

"అవునండి" అంది.