గోడ మీద ఖాసిం గారి ఎత్తు

2017లో, మిర్చి సీజన్ మధ్యలో, నన్ను గుంటూరులో మాజీ సైనికుల సహాయ కార్యాలయానికి వేశారు. అంతకుముందు ఆర్మీ రికార్డు ఆఫీసులో హవల్దార్ క్లర్కుగా చేసినవాణ్ణి కనుక, పాత సర్వీసు కాగితాలు ఎవరు తెచ్చినా నా బల్ల మీదికే వచ్చేవి.

ఒకరోజు సత్తెనపల్లి వైపు నుంచి మస్తాన్‌బీ అనే పెద్దావిడ కొడుకు సుభానీతో వచ్చింది. సుభానీ మిర్చి యార్డులో కాటా పని ముగించుకుని నేరుగా వచ్చినట్టున్నాడు, అతని చొక్కా ఘాటుకి ఆఫీసంతా తుమ్ములే. ఆవిడ తండ్రి ఖాసిం గారు రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి ఈవిడ తల్లి కడుపులో ఉంది. రికార్డు ఆఫీసు పంపిన నకళ్లు తెచ్చారు.

అందరూ అడిగేది డబ్బు సంగతే కదా అని జీతం పేజీతో మొదలుపెట్టాను. ‘ఫ్యామిలీ అలాట్‌మెంట్’ అంటే సిపాయి జీతంలో నెలనెలా ఇంటికి పంపే వాటా అని చెప్పాను. ఆయన భార్య పోయినప్పుడే పెన్షనూ ముగిసిందన్నాను. తల్లికి ఏదైనా వస్తుందని ఆశపడిన సుభానీ మొహం వాడిపోయింది. ఆవిడ మాత్రం ఆ కాగితం వైపు చూడనైనా లేదు.

“అయ్యా, అదట్టా ఉంచండి. మా నాయన ఎట్టా ఉండేవాడో అందులో రాశారా? ఫొటో ఒక్కటీ లేదు. గడప దాటాలంటే తల వంచాల్సిందేనని మా అమ్మ చెప్పేది.”

రాశారు. భర్తీ చేసుకునేటప్పుడు సిపాయిని కొలిచి, ఒంటి మీది గుర్తులతో సహా రాసుకునే పేజీ ఒకటుంటుంది. అందులో ఆయన ఎత్తు చూశాను. అయిదడుగుల మూడంగుళాలు. ఇన్నేళ్లుగా ఆవిడ మనసులో దాచుకున్న తండ్రిని పొట్టివాణ్ణి చేయడానికి నాకు చేతులు రాలేదు. అలాగని రికార్డులో ఉన్నది మార్చి చదవడం నావల్ల కాదు. ఎడమ బుగ్గన పుట్టుమచ్చ అని ముందు చదివి, తర్వాత ఎత్తు చెప్పాను.

“ఓసి మా అమ్మా! ఎన్ని కోతలు కోసిందో చూడరా!” అని ఆవిడ పకపకా నవ్వింది. “ఆమె కళ్లకి అట్టా కనపడ్డాడేమోలే. ఏదయ్యా, ఎంతుంటాడో ఆ గోడ మీద చూపించండి.”

టేపుతో కొలిచి పెన్సిలు గీత పెట్టాను. ఆవిడ వెళ్లి గీత ముందు నిలబడింది. దానికి కాస్త కిందగా అరచేయి ఆనించి, బుగ్గ ఉండే చోట నిమిరింది.

“తలెత్తి చూడక్కర్లేదురా సుభానీ. నాకు ఎదురుగానే ఉన్నాడు.”

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. సుభానీ పెన్షను మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పాత సిపాయిల తాలూకు మనుషులు ఎవరొచ్చినా, జీతం లెక్క పక్కన పెట్టి ముందు ఆ కొలతల పేజీయే చదివి వినిపించాను.