చిలుక గిన్నెలో అవకాడో

జింజా పట్టణ శివారులో, నైలు నది ఒడ్డుకు దగ్గరగా ఒక చిన్న జంతుశాల ఉండేది. అక్కడి మేత గదిని పదకొండేళ్ళుగా కౌధా చూసుకుంటోంది. అంతకుముందు బస్టాండు దగ్గర అనాస ముక్కలు, పనస తొనలు కోసి అమ్ముకునేది. ఏ జంతువు ఎంత తింటుంది, దేనికి ఏది పడదు అన్నది ఆమెకు కరతలామలకం. కానీ నలుగురి ముందు నోరు విప్పాలంటే నాలుక పిడచగట్టుకుపోయేది. చర్చిలో వాక్యం చదవమంటే కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానని అబద్ధమాడేది. నిజానికి ఆమెకు కళ్ళజోడే లేదు.

ఆగస్టులో బడులకు సెలవులిచ్చారు. పిల్లలూ పెద్దలూ కలిసి వచ్చి, జంతువుల మేత స్వయంగా కోసి, గిన్నెల్లో సర్ది పెట్టే కార్యక్రమం ఏటా ఉండేదే. ఏటా ఇసబిర్యే మాస్టారు నడిపించేవాడు. ఈసారి సరిగ్గా ముందురోజు ఆయన మలేరియాతో మంచం పట్టాడు. మేనేజరు టెన్యువా నేరుగా మేత గదికి వచ్చాడు.

"రేపు నువ్వే నడిపించాలి, కౌధా."

"నేనా సార్? కోతులకు పెట్టమంటే పెడతా గానీ, మనుషులకు చెప్పమంటే ఎట్లా?"

"కోతులకంటే మనుషులే నయం. కరవరు కదా."

"కరవకుండానే చంపుతారు సార్," అంది కౌధా. ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రమంతా దుంపలు తరుగుతూ, చెప్పాల్సిన ఏడు మాటలను వేళ్ళ మీద వల్లె వేసుకుంది.

మర్నాడు తొమ్మిది కుటుంబాలు వచ్చాయి. బల్లల మీద చిలగడదుంపలు, బొప్పాయిలు, మొక్కజొన్న పొత్తులు, ఆకుకూరల కట్టలు పేర్చి ఉన్నాయి. మొదటి రెండు మాటలూ బాగానే నడిచాయి. మూడో మాటగా, "చింపాంజీ శాకాహారి, పండ్లూ ఆకులూ తింటుంది" అన్నదో లేదో ముందు వరుసలో ఒకావిడ చెయ్యెత్తింది. ఆమె పేరు నైగాగా, బడిపంతులమ్మ. ఏడేళ్ళ కూతురు ముటేసిని వెంటబెట్టుకొచ్చింది.

"అది చిన్న కోతుల్ని కూడా వేటాడి తింటుందండీ. శాకాహారి అనకూడదు."

అందరూ నవ్వారు. కౌధా కూడా నవ్వబోయింది గానీ పెదవులు కదలలేదు. వేళ్ళ మీది మాటలన్నీ కలగాపులగమయ్యాయి. ఏది చెప్పిందో ఏది చెప్పలేదో తెలియలేదు. "కత్తులతో జాగ్రత్తమ్మా" అని మాత్రం చెప్పి, ఇక పని మొదలుపెట్టించేసింది. అయిదో మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. పక్షుల గిన్నెల్లో అవకాడో వెయ్యకూడదన్నదే ఆ మాట.

గిన్నెలన్నీ పంచి వచ్చాక కౌధా బల్లలు తుడుస్తోంది. ముటేసి కూర్చున్న బల్ల కింద సగం అవకాడో తొక్కా, గింజా కనిపించాయి. కౌధా వంగి తొక్క చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎవరు తిన్నారమ్మా?"

"నేను తినలేదు అత్తా. అమ్మ నా కోసం తెచ్చింది. నేనే జజ్జాకు పెట్టాను," అంది ముటేసి మురిపెంగా.

జజ్జా అంటే తాత గానీ, అవ్వ గానీ. అది బూడిదరంగు చిలుక. సరిహద్దులో దొంగ రవాణాదారుల పెట్టెలోంచి, రెక్కలు కత్తిరించిన స్థితిలో దొరికింది. ముసలి కాపలావాడి దగ్గును అచ్చంగా అనుకరించేది కాబట్టి ఆ పేరొచ్చింది.

కౌధా పరుగెత్తింది. చెప్పు ఒకటి దారిలోనే ఊడిపోయింది. గిన్నె లాగేసి, పంజరం అడుగున రాలినవన్నీ ఏరింది. స్పూనుతో అయిదు ముక్కలు తీసి వేశానంది పిల్ల. నాలుగే దొరికాయి. వాటిలో ఒకదాని మీద ముక్కు గాటు ఉంది.

పశువుల డాక్టరు బలికోవా ఆ రోజు దూరంగా టొరోరో ఊళ్ళో ఆవులకు టీకాలు వేస్తున్నాడు. కౌధా చెప్పిందంతా ఫోనులో విన్నాడు.

"చిలుకలకు అది విషం. వెచ్చగా, కదిలించకుండా ఉంచు. ఆయాసపడినా, ఈకలు రేగ్గొట్టుకుని మూలకు నక్కినా వెంటనే చెప్పు. నేనొచ్చేసరికి సాయంత్రమవుతుంది."

"బతుకుతుందా డాక్టర్?"

"రెండు రోజులు గడవాలి."

వెనక్కి తిరిగితే నైగాగా కూతురి మీద చెయ్యెత్తి ఉంది. కౌధా ఆ చెయ్యి పట్టుకుంది.

"పిల్లను కొట్టకమ్మా. చెప్పాల్సినదాన్ని నేను, చెప్పలేదు."

అంతలో ఇంకో భయం పట్టుకుంది. ఈ పిల్ల ఒక్కతేనా? కౌధా బెంచీ ఎక్కి నిలబడి గట్టిగా అరిచింది.

"ఆగండి, ఎవరూ వెళ్ళకండి! ఇంటి నుంచి తెచ్చింది ఏదైనా గిన్నెల్లో వేశారా? తిట్టను. దాచకండి, అంతే."

వెనక నుంచి ఒక ముసలాయన చెయ్యెత్తాడు. "కోతికి నా బిస్కట్టు ఒకటి వేశానమ్మా. బక్కగా కనబడితే."

"అది ఇప్పుడే తీయిస్తా తాతా. ఇంకెవరైనా?"

ఇంకెవరూ లేరు. కౌధా ఆ గిన్నె సంగతి చూసి, టెన్యువాకు ఉన్నదున్నట్టు చెప్పి, పంజరం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం ఎవరో మటోకె అనే అరటికాయ ముద్ద తెచ్చిపెడితే చల్లారిపోయింది. చిలుక ఓసారి దగ్గింది. అది రోజూ దగ్గే దగ్గా, ఊపిరాడని దగ్గా? కౌధా తన ఊపిరి బిగబట్టి వింది. మళ్ళీ దగ్గింది. చిత్రంగా, పదకొండేళ్ళుగా వింటున్న ఆ దగ్గు ఎలా ఉంటుందో ఆమెకు గుర్తురాలేదు. చివరికి ముసలి కాపలావాణ్ణే పిలిపించి, "ఒకసారి దగ్గు తాతా" అంది. ఆయన తెల్లబోయి దగ్గాడు. రెండూ ఒకటేననిపించింది. అయినా మనసు కుదుటపడలేదు.

సాయంత్రం డాక్టరు వచ్చి జజ్జా గుండె చప్పుడు విన్నాడు. "ఇప్పటికి బాగానే ఉంది" అన్నాడు. మర్నాడు జజ్జా ఏమీ తినలేదు, ఈకలు కాస్త రేగే ఉన్నాయి. మూడో రోజు పొద్దున అది మొక్కజొన్న గింజ ఒకటి కాలితో పట్టుకుని, నిదానంగా చిదిపి తినేసింది. ఇంకొకటి అడిగింది. కౌధా అక్కడే నేల మీద కూలబడి, పైటకొంగు లేదు గనుక మేత గది ఏప్రానుతోనే ముఖం తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం నైగాగా కూతుర్ని తీసుకొచ్చింది. ముటేసి గుమ్మం దాటలేదు.

"చచ్చిపోయిందా అత్తా?"

"లేదు తల్లీ. వచ్చి చూడు."

పిల్ల పంజరం దగ్గరికి వెళ్ళి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. నైగాగా గొంతు తగ్గించి, "ఆ రోజు మధ్యలో నేను అడ్డు తగలకపోతే మీరు చెప్పి ఉండేవారు" అంది.

కౌధా జజ్జా గిన్నెలో ఇంకో గింజ వేసింది. "మాస్టారికి ఇంకా జ్వరం తగ్గలేదు. శనివారం ఇంకో జట్టు వస్తుంది, వాళ్ళకూ నేనే చెప్పాలట. ఇప్పటినుంచే భయమేస్తోంది."

"బడి తెరిచే రోజున నాకూ అంతే. పంతులమ్మనై పద్నాలుగేళ్ళయింది, ఆ భయం ఇంకా తగ్గలేదు."

"ఇంకా తగ్గలేదా?" అంది కౌధా, కాస్త నిరాశగా.