సల్లమ్మ ప్రార్థన, నా కడుపుమంట

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేదని మేడ్చల్‌లో మా వాడకట్టంతా అనుకునేది. మా అవ్వ మాత్రం ఒప్పుకునేది కాదు. "ముక్కు మీదనా? దాని కోపానికి గంత సిన్న జాగ యాడ సరిపోతదే!" అనేది. అలాంటి నేను పోయి పోయి చేరింది ఫోన్లో ప్లాట్లు అమ్మే నౌకరీలో. పేట్ బషీరాబాద్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన మా ఆఫీసు, శామీర్‌పేట దగ్గర మా వెంచర్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఫోన్ చేసి, "సర్, మా వెంచర్ నుంచి చూస్తే చెరువు కనిపిస్తుంది" అని తియ్యగా చెప్పాలి. "చెరువు కనిపిస్తదా, చెరువులనే ఉన్నదా?" అని వాళ్లు అడిగినా నవ్వాలి. మా ఏడు తరాలను తలుచుకుని తిట్టినా "థాంక్యూ సర్" అనాలి. నేను చేరిన కొత్తలోనే ఒకాయనకు ఆయన ఏడు తరాలనూ తిరిగి గుర్తు చేశాను. (పాపం, ఆయనకు అంత ఓపిగ్గా ఎవరూ చెప్పి ఉండరు.)

ఆ ఫోన్ అయ్యాక మా మేనేజర్ సార్ నన్ను పిలిచి, "ఇంకొక్కసారి కస్టమర్ మీద ఒర్రినవనుకో, ఇగ ఇంటికే" అన్నారు. ఇంటికి వెళ్లడమంటే నాకు చావే. ఎందుకంటే ఉన్న పొలం అమ్ముకుని, ఇప్పుడు పక్కవాళ్ల పొలాలు అమ్మిపెట్టే మా బాపు, నేను నౌకరీ చేస్తానన్న రోజు పడీ పడీ నవ్వాడు. "నీ కోపానికి ఏ నౌకరీ నిలుస్తది బిడ్డా? దసర దాక ఉండు సూద్దాం. ఉన్నవా, నేను మల్ల అడ్డం రాను. లేదా, సప్పుడు జెయ్యకుండ ఇంట్ల కూసో" అని అందరి ముందూ పందెం కట్టాడు. నేను ఉడుక్కుని సరేనన్నాను. అంచేత దసరా దాకా నోరు అదుపులో పెట్టుకోవడం ఒక్కటే నా జీవిత లక్ష్యమైపోయింది. సమస్య ఏమిటంటే మధ్యాహ్నం అన్నం తిన్నాక బుర్ర మొద్దుబారిపోయేది, మొద్దుబారిన బుర్రకు కోపం మరీ జల్దీగా వచ్చేది.

అదే ఆఫీసులో, నా పక్క కుర్చీలోనే సల్లమ్మ ఉండేది. అది ఆమె అసలు పేరు కాదు. ఎవరేమన్నా వేడెక్కని చల్లటి మనిషని ఆఫీసంతా అలా పిలిచేది. సూరారం పిల్ల, వాళ్ల నాయిన ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఇంటిల్లిపాదీ ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు. నన్ను బూతులు తిట్టి ఫోన్ పెట్టేసినవాడే ఆమె చేస్తే "సరేనమ్మా, ఆదివారం వచ్చి చూస్తాను" అనేవాడు. "ఆదివారం కాదండీ, శనివారం రండి" అని ఆమె అంటే దానికీ ఒప్పుకునేవాడు! నాకు కడుపు భగ్గుమనేది. ఆమె గొంతు చూసి కుళ్లుకున్నాను, జడ చూసి కుళ్లుకున్నాను, చివరికి ఆమె టిఫిన్ డబ్బాలో గోంగూర పచ్చడి చూసి కూడా కుళ్లుకున్నాను. (కుళ్లుకుంటూనే సగం నేనే తినేదాన్ని.) ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే నేను పక్కన మూతి తిప్పుతూ ఆమె గొంతును అనుకరించేదాన్ని. ఫ్యాను నా వైపు తిప్పుకునేదాన్ని. ఆమె ఏమీ అనేది కాదు. ఒక్క మాటన్నా అంటే ప్రాణం హాయిగా ఉండేది కదా, అదీ లేదు.

ఆ చల్లదనం ఎక్కడ నుంచి వస్తోందో నేను కనిపెట్టేశాను. రోజుకు రెండు మూడు సార్లు, ముఖ్యంగా మధ్యాహ్నం అందరం జోగుతున్న వేళ, సల్లమ్మ చున్నీ తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, పెదాలు కదిలిస్తూ కాసేపు ప్రార్థన చేసేది. కళ్లు తెరిచేసరికి మొహం కడిగినట్టుండేది. అప్పుడే స్నానం చేసి వచ్చినదానిలా మళ్లీ ఫోన్ అందుకునేది. "గంతేనా! గీ మాత్రం నాకు రాదా?" అనుకున్నాను. ఆమె దేవుడు ఆమెకుంటే, మా పోచమ్మ తల్లి నాకుంది.

ఇంటికెళ్లి అవ్వను సలహా అడిగాను. "కోపం తగ్గాలని పోచమ్మకు మొక్కుకోవచ్చా అవ్వా?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "వానలు పడాలని మొక్కుతరు, పిల్లలు సల్లగుండాలని మొక్కుతరు. కోపం తగ్గాలని మొక్కినోళ్లను నేనైతే సూడలే. అయినా గిదంత నీ కోపం తగ్గనీకా, ఇంకెవల మీదనన్న కోపంతోనా?"

అవ్వతో వచ్చిన చిక్కే అది. నేను లేచి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం యాప్రాల్ అంకుల్‌కు ఫోన్ కలిసింది. మిలిటరీలో చేసి రిటైరై యాప్రాల్‌లో ఉంటున్న పెద్దమనిషి. ఆఫీసులో ఆయన పేరు వింటేనే అందరూ నీళ్లు తాగడానికి లేచి వెళ్లేవారు. అడిగిందే అడిగేవాడు. చెరువు ఎంత దూరం, వానాకాలంలో ఎంత దగ్గర, రోడ్డు కాగితం మీద ఉందా నేల మీద ఉందా! ఎన్నో సారి అడిగాడో గానీ నా నాలుక చివరికి ఒక మాట వచ్చి కూర్చుంది. అది జారిందంటే బాపు గెలిచినట్టే. "ఒక్క నిమిషం సర్, కనుక్కుని చెప్తాను" అని, హెడ్‌ఫోన్ తీగకు ఉండే మ్యూట్ బటన్ నొక్కి, అచ్చం సల్లమ్మలాగే చున్నీ తల మీదికి లాక్కున్నాను. ఆ లాగుడులో చున్నీ కొంగు తీగకు చుట్టుకుని ఆ బటన్ మళ్లీ నొక్కుకుపోయిందని నాకేం తెలుసు?

కళ్లు మూసుకుని మనస్ఫూర్తిగా మొక్కాను. "అమ్మా పోచమ్మ తల్లీ! నా కోపం తగ్గియ్యి. గీ యాప్రాల్ ముసలాయన నా పానం తీస్తున్నడు, ఆయనకు ఒక ప్లాటు కొనే బుద్ధియ్యి. నా కోపం తగ్గకపోయినా మంచిదే గని, ఆ సల్లమ్మకు ఒక్కసారన్న కోపం తెప్పియ్యి తల్లీ! అందరి ముంగట తెప్పియ్యి. గా ఒక్కటి జేస్తే బోనం ఎత్తుత."

హెడ్‌ఫోన్‌లోంచి ఖంగుమని వినిపించింది. "తథాస్తు."

చటుక్కున కళ్లు తెరిచి తీగ వైపు చూశాను.

"అయిపోయిందా అమ్మా? పూజలో మాట్లాడకూడదని ఊరుకున్నాను. ముసలాయన లైన్లోనే ఉన్నాడు. ఇంతకీ ఆ సల్లమ్మ ఎవరు? కోపమే రాని పిల్ల మీ దగ్గర ఉంటే, నాకు నిన్నెందుకు తగిలించారు? ఫోన్ ఆమెకివ్వు."

ఇచ్చాను. ఇవ్వక చస్తానా! ఆమె అరగంట మాట్లాడింది, ఆయన శనివారం సైటుకు వస్తానన్నాడు. మొక్కింది నేను, ఫలితం ఆమెకు! పోచమ్మ తల్లి చిరునామా చూసుకోకుండా వరం ఇచ్చేసిందని ఏడుపొచ్చింది.

అసలు ఏడుపు సాయంత్రానికి మిగిలింది. మా ఆఫీసులో ఒక ఆచారముండేది. టీ టైములో సార్ ఆ రోజు రికార్డయిన ఫోన్లలో కొన్నింటిని స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించేవారు, ఎలా మాట్లాడాలో, ఎలా మాట్లాడకూడదో తెలియడానికి. ఆ రోజు యాప్రాల్ అంకుల్ మెత్తబడ్డాడని తెలిసి సార్ సంబరంగా ఆ ఫోనే పెట్టారు. మొదటి నుంచీ పెట్టారు. నా గొంతు ఆఫీసంతా మోగింది. "ఆ సల్లమ్మకు ఒక్కసారన్న కోపం తెప్పియ్యి తల్లీ..." టీ పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉండిపోయారు. నేను బాపు మొహాన్ని, ఆయన నవ్వును కళ్ల ముందు చూసుకుంటున్నాను.

అప్పుడు లేచింది సల్లమ్మ. గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టింది.

"నీకసలు సిగ్గున్నదా! నా పచ్చడి తింటవ్, నా ఫ్యాను గుంజుకుంటవ్, నా గొంతు జేసి ఎక్కిరిస్తవ్. నేను రోజు చున్నీ కప్పుకొని ఏం ప్రార్థన జేస్తున్ననో తెల్సా? 'ప్రభువా, గీ పక్క కుర్చీల పిల్లను ఓర్సుకునే ఓపికియ్యి, దీని సెంప పగలగొట్టకుండ నా చెయ్యి వట్టుకో' అని! కస్టమర్ల కోసమనుకున్నవా? వాళ్లెంత, నీ ముంగట వాళ్లు దేవదూతలు!"

సల్లమ్మ మొహం ఎర్రగా ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. నేను నోరు తెరిచాను. ఎదురు తిట్టడానికే తెరిచాను గానీ బయటికి వచ్చింది వేరే. "అంటే... ఇన్ని దినాలు నా కోసమే మొక్కుతున్నవా?"

"నీ కోసం కాదు, నీ నుంచి కాపాడమని!" అని అరిచింది. అరిచాక ఏమైందో, ఆమెకే పకపకా నవ్వొచ్చింది. తర్వాత నాకొచ్చింది. ఆఖరికి సార్ కూడా టీ ఒలకబోసుకున్నారు. "కస్టమర్ మీదైతే ఒర్రలే గద, నడువుండ్రి పనికి" అని వదిలేశారు. నౌకరీ నిలబడింది. దసరాకు బాపు ఓడిపోయి, కిక్కురుమనకుండా నాకు కొత్త చెప్పులు కొనిపెట్టాడు. బోనం మాత్రం ఎత్తాల్సే వచ్చింది, తల్లి మాట నిలబెట్టుకుంది కదా మరి. సల్లమ్మ పక్కనే నడిచి గుడి బయట దాకా వచ్చి, నా చెప్పులకు కాపలా ఉంది.

ప్రార్థనతో కోపం తగ్గుతుందా, అలిసిన బుర్ర తేరుకుంటుందా అంటే నాకు ఈనాటికీ సరిగ్గా తెలియదు. ఇప్పుడు నేనే కొత్త పిల్లల మీద టీమ్ లీడర్‌ని. మధ్యాహ్నం వాళ్లు నా ప్రాణం తోడేస్తుంటే, ముందు హెడ్‌ఫోన్ తీగ పీకేసి, అప్పుడు చున్నీ కప్పుకుంటాను. కొన్ని రోజులు పనిచేస్తుంది. కొన్ని రోజులు ఆ చున్నీ కిందే తిట్టుకుని బయటికొస్తాను, అదీ బాగానే ఉంటుంది.

సల్లమ్మ వేరే ఆఫీసుకు మారి చాలా కాలమైంది. మొన్న ఫోన్ చేసి, మాటల మధ్య ఊరికే అడిగినట్టు అడిగాను. "ఇంకా ప్రార్థన జేస్తున్నవా?"

"ఎందుకు జెయ్య? ఈడ నా పక్క కుర్చీల ఒక పిల్ల వచ్చింది. అబ్బా, మస్తు పరేషాన్ జేస్తాంది. దినాం దాని కోసమే."

"నాకంటే ఎక్కువనా?" అన్నాను.

"నువ్వేంది దాని ముంగట!" అంది సల్లమ్మ, ఆ చల్లటి గొంతుతో.

ఫోన్ పెట్టేశాను. ఈ వయసులో నవ్వులాటే గానీ, నిజం చెప్పొద్దూ, మొహం కూడా చూడని ఆ పిల్ల మీద నాకు కడుపు భగ్గుమంది.